లైవ్ ఆల్బమ్‌లో లైవ్ ఎంత? సోడా స్టీరియో 1996 రికార్డు మీద ఒక లెక్క

బ్యాండు ఒకటే, ఆల్బమ్ పేరు ఒకటే: ‘కంఫర్ట్ ఇ మూసికా పారా వోలార్’. కానీ 1996లో వచ్చిన సీడీలో 11 పాటలుంటే, 2007లో వచ్చినదాంట్లో 13 ఉన్నాయి. రెండు పాటలు కలిపి మళ్లీ వేశారు కాబోలు అనుకుంటే పొరపాటే. పాత సీడీలోని నాలుగు పాటలు కొత్తదాంట్లో లేవు, కొత్తదాంట్లోని ఆరు పాతదాంట్లో లేవు. రెండింటిలోనూ ఉన్నవి ఏడే. స్పానిష్ రాక్ వినడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే తికమకపడతారు: ఇది లైవ్ ఆల్బమా, స్టూడియో ఆల్బమా? పైగా ‘అన్‌ప్లగ్డ్’ అంటున్నారు, మరి ఎలక్ట్రిక్ గిటార్ ఎందుకు వినిపిస్తోంది?

జవాబు కావాలంటే ముందు ‘లైవ్’ అన్న మాటనే విడదీసి చూడాలి. అంతకంటే ముందు ఈ బ్యాండు గురించి నాలుగు ముక్కలు.

ముగ్గురు కుర్రాళ్లు, ఒక ఖండం

సోడా స్టీరియో 1982లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో పుట్టింది. పాట, గిటార్ గుస్తావో సెరాతివి. బాస్ గిటార్ సేతా బోసియో, డ్రమ్స్ చార్లీ అల్బెర్తి. అర్జెంటీనాలో స్పానిష్ రాక్ అప్పటికి కొత్తదేం కాదు, 1960ల నుంచీ ఉంది. అయితే 1982లో ఫాక్‌లాండ్ దీవుల కోసం బ్రిటన్‌తో యుద్ధం వచ్చినప్పుడు అక్కడి రేడియోల్లో ఇంగ్లిష్ పాటలు ఆగిపోయాయి. ఆ ఖాళీలోకి దేశీ రాక్ వరదలా వచ్చి పడింది. ఆ గాలి వీస్తున్నప్పుడే ఈ ముగ్గురూ రంగంలోకి దిగారు. మొదటి ఆల్బమ్ 1984లో వచ్చింది.

వీళ్లు చేసిన అసలు పని వేరే ఉంది. అప్పటిదాకా ఒక దేశపు రాక్ బ్యాండు సరిహద్దు దాటి పక్క దేశంలో స్టేడియం నింపడం అరుదు. సోడా స్టీరియో చిలీ, పెరూ, కొలంబియా, మెక్సికో అంటూ ఊరూరా తిరిగింది. ఒకే భాష మాట్లాడే ఇన్ని దేశాలు రాక్‌కు ఒకే మార్కెట్ కాగలవని చూపించింది. 1991 డిసెంబర్‌లో బ్యూనస్ ఎయిర్స్ నడిబొడ్డున, 9 దె హూలియో అవెన్యూలో ఉచిత కచేరీ చేస్తే సుమారు రెండున్నర లక్షల మంది వచ్చారని అప్పట్లో లెక్కగట్టారు. 1997లో విడిపోయారు, 2007లో ఒక్క పర్యటన కోసం మళ్లీ కలిశారు. 2010లో కారకాస్‌లో కచేరీ ముగిసిన వెంటనే సెరాతికి పక్షవాతం వచ్చింది. నాలుగేళ్లు కోమాలో ఉండి 2014 సెప్టెంబర్ 4న కన్నుమూశారు.

అంటే కొత్తగా వినేవాళ్లకు ఈ బ్యాండు కచేరీ అంటే ఇక రికార్డింగే. ఏ రికార్డింగ్ దేనికి సాక్ష్యం అన్న ప్రశ్నకు బరువు పెరిగింది కూడా అందుకే.

ఒక్క మాటలో నాలుగు హామీలు

అట్ట మీద ‘లైవ్’ అని కనిపించగానే మనం తెలియకుండానే నాలుగు విషయాలు నమ్మేస్తాం.

మొదటిది, వాద్యాలన్నీ, గొంతూ ఒకే సమయంలో మోగాయని. స్టూడియోలో అలా జరగదు. డ్రమ్స్ సోమవారం, గొంతు శుక్రవారం రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. రెండోది, ఎదురుగా జనం ఉన్నారని. మూడోది, తర్వాత ఎవరూ సరిదిద్దలేదని. నాలుగోది, ఆ రోజు ఏం జరిగిందో అదంతా అదే వరుసలో మన చేతికి వచ్చిందని.

ఇవి నాలుగూ వేర్వేరు. ఒకటి ఉండి మరొకటి లేకపోవచ్చు. ఖాళీ స్టూడియోలో బ్యాండంతా కలిసి ఒక్క ఊపులో వాయిస్తే మొదటి హామీ నిలబడుతుంది, రెండోది ఉండదు. పది ఊళ్ల కచేరీల్లోంచి మంచి పాటలు ఏరితే మొదటి రెండూ ఉంటాయి, నాలుగోది పోతుంది. సోడా స్టీరియో తొలి లైవ్ ఆల్బమ్, 1987 నాటి ‘రుయీదో బ్లాంకో’, ఈ రెండో రకం. ఒక పర్యటనలో వేర్వేరు చోట్ల పట్టుకున్న పాటల కూర్పు అది. దాన్ని చెవిన వేసుకుని ‘ఒక రాత్రి’ విన్నాననుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

మన దగ్గర ఈ గొడవ అంతగా లేకపోవడానికి కారణం ఉంది. తెలుగువాళ్లకు పాట ఎక్కువగా సినిమా నుంచే వస్తుంది, అదంతా స్టూడియో సరుకు. లైవ్ అనగానే గుర్తొచ్చేవి సభల్లో రికార్డు చేసిన కర్ణాటక కచేరీల క్యాసెట్లు. అక్కడ మృదంగం శృతి చూసుకోవడం, మధ్యలో దగ్గు, చప్పట్లు అన్నీ ఉంటాయి. వాటిని ఎవరూ తీసేయరు, తీయాలన్న ఆలోచనా రాదు. రాక్ వ్యాపారం వేరు. అక్కడ లైవ్ ఆల్బమ్ ఒక సరుకు, దాన్ని చెక్కి నునుపు చేసే అలవాటు మొదటినుంచీ ఉంది.

అన్‌ప్లగ్డ్ అనేది ఒక టీవీ కార్యక్రమం పేరు

ఇక రెండో చిక్కు. అమెరికాలో ఎమ్‌టీవీ 1989లో ‘అన్‌ప్లగ్డ్’ మొదలుపెట్టింది. రాక్ బ్యాండ్లు కరెంటు గిటార్లు పక్కనబెట్టి, అకౌస్టిక్ వాద్యాలతో, చిన్న హాల్లో కొద్దిమంది ముందు పాడటం దాని పద్ధతి. 1992లో ఎరిక్ క్లాప్టన్, 1994లో నిర్వాణా ఆల్బమ్‌లు ప్రపంచమంతా అమ్ముడుపోయాక అది టీవీ కార్యక్రమం స్థాయి దాటి ఒక ఆల్బమ్ రకంగా మారింది. ఎమ్‌టీవీ లాటిన్ అమెరికా ఛానెల్ 1993 అక్టోబర్ 1న మొదలైంది. వెంటనే ఇదే అచ్చును స్పానిష్‌లోకి తెచ్చింది: లోస్ ఫబులోసోస్ కాదియాక్స్, కైఫానెస్, చార్లీ గార్సియా, కఫే తకూబా, లోస్ త్రెస్.

అచ్చు అంత త్వరగా అరిగిపోయింది కూడా. 1996 వచ్చేసరికి ‘హిట్ పాటలు తీసుకో, చెక్క గిటార్ మీద మెల్లగా వాయించు’ అన్నది అందరికీ కంఠతా వచ్చిన పాఠం. సోడా స్టీరియో మొదట్లో దీనికి ఒప్పుకోలేదు. చివరికి, పూర్తి అకౌస్టిక్‌గా ఉండబోమని, ఎలక్ట్రిక్ వాద్యాలు కూడా వాడుకుంటామని చెప్పి ఒప్పుకుంది. కాబట్టి మీ చెవికి వినిపించే ఎలక్ట్రిక్ గిటార్ మోసం కాదు, ఒప్పందంలో భాగం. నిర్వాణా కార్యక్రమంలో కూడా వాళ్ల గాయకుడు కర్ట్ కొబెయిన్ గిటార్ ఆంప్లిఫయర్ గుండా వెళ్లింది. ‘అన్‌ప్లగ్డ్’ను ధ్వని గురించిన సాంకేతిక వివరణగా చదివితే సగం రికార్డులు తప్పు చెప్తున్నట్టే అనిపిస్తుంది. కార్యక్రమం పేరుగా చదివితే ఏ తగువూ ఉండదు.

1996 మార్చి 12, మయామీ

ఆ రోజు ఎమ్‌టీవీ కోసం మయామీలో వాళ్లు చేసింది నా ఉద్దేశంలో కచేరీ కంటే పునర్రచనకు దగ్గర. ముగ్గురితో పాటు కీబోర్డుల మీద త్వీతీ గోన్సాలెస్, తీగ వాద్యాల వాళ్లు వచ్చారు. అంతకుముందు ఏడాదే ‘సువేన్యో స్టీరియో’ ఆల్బమ్ విడుదలైంది. దాని మెత్తటి, మబ్బు పట్టినట్టుండే ధ్వనిలో పాత పాటలన్నీ మళ్లీ ముంచి తీశారు.

రెండు ఉదాహరణలు. ‘ఉన్ మిసీల్ ఎన్ మి ప్లకార్’ 1984 నాటి తొలి ఆల్బమ్‌లోది, చకచకా గెంతే కుర్రకారు పాట. మయామీలో అది నెమ్మదించి, సగం నిద్రలో పాడినట్టు మారిపోయింది. ‘ఎన్ లా సియుదాద్ దె లా ఫూరియా’ 1988లో న్యూయార్క్‌లో రికార్డు చేసిన ఆల్బమ్ నుంచి వచ్చింది. బ్యూనస్ ఎయిర్స్ మీద ఎగిరే ఒక రెక్కల మనిషి కథ అది. ఇక్కడ సెరాతికి తోడుగా కొలంబియా బ్యాండు అతెర్సియోపెలాదోస్ గాయని ఆంద్రేయా ఎచెవెర్రి పాడారు. వేగం తగ్గి, బాస్ బరువెక్కి, రెండో గొంతు చేరేసరికి అసలు పాటకంటే ఇదే ఎక్కువమందికి గుర్తుండిపోయింది.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే లైవ్‌లో మాత్రమే సాధ్యమయ్యే సంగతి అది. తండ్రికి క్యాన్సర్ అని తెలిసిన రోజు గురించి సెరాతి రాసుకున్న పాట ‘తే పారా త్రెస్’. 1990 నాటి స్టూడియో రికార్డులో అది ఉన్నచోట ఆగిపోతుంది. మయామీలో మాత్రం చివర్లో గిటార్ వేరే దారి పట్టి, అర్జెంటీనా రాక్ గాయకుడు లూయిస్ ఆల్బెర్తో స్పినెత్తా 1973లో చేసిన ‘సెమెంతేరియో క్లబ్’ పాట స్వరాల్లోకి వెళ్తుంది. ప్రకటన ఏమీ లేకుండానే తన గురుస్థానానికి పెట్టిన దండం అది. తెలిసినవాడు ఉలిక్కిపడతాడు, తెలియనివాడికి అది కేవలం ఒక అందమైన ముగింపు.

వాళ్లు ఏం వాయించలేదో కూడా చూడండి. బ్యాండుకు జాతీయగీతం లాంటి ‘దె మూసికా లిహేరా’ మయామీలో వాయించిన 13 పాటల్లో లేదు. ‘పెర్సియానా అమెరికానా’ లేదు. పెద్ద హిట్లలో ‘క్వాందో పాసె ఎల్ తెంబ్లోర్’ మయామీలో వాయించారు గానీ 1996 సీడీలోకి అది రాలేదు.

7, 4, 13: లెక్క ఇలా తేలుతుంది

ఇప్పుడు మొదటి తికమకకు వద్దాం. మయామీలో వాయించినవి 13. అందులోంచి ఏడు ఏరి, వాటి పక్కన ‘సువేన్యో స్టీరియో’ పనిలో మిగిలిపోయిన నాలుగు స్టూడియో పాటలు పెట్టి 1996లో విడుదల చేశారు. ఆ నాలుగు: ‘సోనోమాన్’, ‘ప్లనెయదోర్’, ‘కోరాల్’, ‘సూపర్‌స్టార్’. మొత్తం 11.

దీన్ని మన నాలుగు హామీల మీద పెట్టి చూస్తే, ఏడు పాటల వరకు మొదటి రెండు హామీలూ నిలబడతాయి. నాలుగోది నిలబడదు, ఎందుకంటే సగానికి దగ్గరగా కచేరీ బయటే ఉండిపోయింది, వరుస కూడా మారింది. మిగతా నాలుగు పాటలకు ఏ హామీ వర్తించదు. మూడింట ఒక వంతుకు పైగా స్టూడియో సరుకున్న ఆల్బమ్‌ను ‘లైవ్’ అరలో పెడుతున్నామన్నమాట. అట్ట మీద ‘అన్‌ప్లగ్డ్’ను పేరుగా పెట్టకుండా వేరే పేరు పెట్టడాన్ని నేను అందుకే గమనించదగ్గ విషయం అంటాను. ఇది కచేరీ నకలు అని వాళ్లు ఎక్కువ నొక్కి చెప్పలేదు.

మరి నాలుగు స్టూడియో పాటలు ఎందుకు? కార్యక్రమం టీవీలో ఎలాగూ వస్తుంది. డబ్బు పెట్టి సీడీ కొనేవాడికి టీవీలో దొరకనిది ఏదో ఒకటి ఉండాలి అన్నది తేలిగ్గా ఊహించగల వ్యాపార కారణం. కానీ వినేటప్పుడు మరో కారణం కూడా కనిపిస్తుంది. ఆ నాలుగూ అల్లరి లేని, తేలిపోయే పాటలు. మయామీ పాటల రంగు, వీటి రంగు ఒకటే. 1995–96లో బ్యాండు ఎక్కడుందో చెప్పే చిత్రంగా ఆ 11 చక్కగా అతుకుతాయి.

2007లో బ్యాండు మళ్లీ కలుస్తోందన్న వార్త వచ్చిన ఏడాదే మయామీ కచేరీ మొత్తం 13 పాటలతో వచ్చింది. ‘క్వాందో పాసె ఎల్ తెంబ్లోర్’ తిరిగొచ్చింది. అర్జెంటీనా రాక్ తొలితరం బ్యాండు వోక్స్ దెయి 1971లో చేసిన ‘హేనెసిస్’ను వీళ్లు పాడిన తీరు కూడా ఇందులో దొరుకుతుంది. నాలుగు స్టూడియో పాటలకు ఇక్కడ చోటు లేకపోయింది. నాలుగో హామీ నెరవేరింది, పాత ఆల్బమ్ మాత్రం మరో వస్తువైపోయింది. ఒకే పేరు మీద రెండు రకాల సరుకు ఉండటమే గందరగోళానికి మూలం.

సరిదిద్దడం: ఎక్కడ తేలిక, ఎక్కడ కష్టం

మూడో హామీ గురించే అభిమానులు ఎక్కువగా కొట్టుకుంటారు. కాబట్టి రికార్డింగ్ ఎలా జరుగుతుందో కాస్త నిదానంగా చూద్దాం.

వేదిక మీద ప్రతి మైకు నుంచి వచ్చే సంకేతాన్ని రెండుగా చీలుస్తారు. ఒకటి హాల్లో జనానికి వినిపించే మిక్సర్‌కు, రెండోది రికార్డింగ్ గదికో వ్యానుకో వెళ్తుంది. అక్కడ ఒక్కో వాద్యం ఒక్కో ట్రాకు మీద విడిగా పడుతుంది. గొంతుకు ఒకటి, బాస్‌కు ఒకటి, డ్రమ్స్‌కు అరడజనుకు పైగా, చప్పట్ల కోసం జనం వైపు తిప్పిన మైకులకు వేరే. తర్వాత స్టూడియోలో వీటి పాళ్లు కలపడమే మిక్సింగ్. ఆ పని ఎవరైనా చేయాల్సిందే, అది లేకుండా ఆల్బమే ఉండదు. ఓవర్‌డబ్ అంటే వేరు: తప్పు పలికిన ముక్కను తీసేసి, తర్వాత పాడిన ముక్కను అక్కడ అతికించడం.

స్టేడియంలో బాస్ గిటార్‌ను ఉదాహరణగా తీసుకోండి. దాని సంకేతాన్ని మైకుతో పని లేకుండా నేరుగా తీగ గుండా తీసుకోవచ్చు. ఆ ట్రాకులో బాస్ తప్ప ఇంకేమీ వినపడదు. ఒక తప్పు స్వరం పడితే మర్నాడు స్టూడియోలో వాయించి పెట్టేయొచ్చు, ఎవరికీ తెలియదు.

అదే చిన్న హాల్లో, పక్కపక్కనే కూర్చుని వాయిస్తున్నవాళ్లను తీసుకోండి. చెల్లో ముందు పెట్టిన మైకులోకి చెల్లోతో పాటు గాయకుడి గొంతు కూడా కొంచెం కారుతుంది, గొంతు మైకులోకి డ్రమ్స్ కారతాయి. గాయకుడు రెండో చరణంలో శృతి తప్పాడని గొంతు ట్రాకును మార్చారనుకోండి. చెల్లో ట్రాకులో పాత గొంతు దెయ్యంలా సన్నగా మిగిలే ఉంటుంది. రెండు గొంతులు ఒకేసారి వినిపిస్తాయి. దాన్ని దాచాలంటే చెల్లోను కూడా మార్చాలి, తర్వాత వయోలా, ఆ తర్వాత ఇంకొకటి. ఈ కారే గుణం వల్లే అన్‌ప్లగ్డ్ తరహా రికార్డులను స్టేడియం రికార్డుల కంటే సరిదిద్దడం కష్టం. కరెంటు తీసేయడం వల్ల కాదు, మైకులు దగ్గరగా తెరిచి ఉండటం వల్ల వచ్చిన నిజాయితీ ఇది.

అయితే టీవీ చిత్రీకరణకు వేరే దొడ్డిదారి ఉంది: పాట కుదరకపోతే అదే జనం ముందు మళ్లీ వాయించడం. అన్‌ప్లగ్డ్ చిత్రీకరణల్లో ఇది మామూలే. నిర్వాణా మొత్తం ఒకే ఊపులో ముగించిందన్నది ఇప్పటికీ వింతగా చెప్పుకుంటున్నారంటే కారణం అదే. రెండోసారి వాయించినదీ లైవే కదా? మొదటి మూడు హామీలూ ఉన్నాయి. ‘ఆ రోజు జరిగింది జరిగినట్టు’ అన్నదొక్కటే లేదు.

ఎలా విలువ కట్టాలి: రెండు పక్షాలు

ఒక పక్షం వాదన ఇది. లైవ్ ఆల్బమ్ ఒక సాక్ష్యం. కొనేవాడు స్టూడియోలో దొరకనిది, అంటే జరిగిన దాన్ని, కొంటున్నాడు. అందులో కలిపేదీ తీసేదీ ఏదైనా ఆ సాక్ష్యాన్ని పలచన చేస్తుంది, కనీసం అట్ట మీద చెప్పాలి. ఈ కొలతతో 2007 ప్రతే అసలైనది, 1996 నాటిది కత్తిరింపు. బ్రిటిష్–ఐరిష్ రాక్‌లో ఈ పక్షానికి ఒక పాత కేసు ఉంది. థిన్ లిజీ 1978 లైవ్ ఆల్బమ్‌లో చాలా భాగం స్టూడియోలో మళ్లీ వాయించారని నిర్మాత టోనీ విస్కోంటీ చెప్పారు. బ్యాండు వైపువాళ్లు ఒప్పుకోలేదు. ఇప్పటికీ దాని గురించి మాట్లాడినప్పుడల్లా పాటలకంటే ముందు ఆ తగువే వస్తుంది.

రెండో పక్షం అనేది: కచేరీ వేరు, ఆల్బమ్ వేరు. హాల్లో కూర్చున్నప్పుడు కళ్లకు వెలుగు, ఒంటికి వేడి, పక్కవాడి కేకలు ఉంటాయి. ఇంట్లో స్పీకర్ ముందు అవేమీ ఉండవు. అక్కడ గమనించని తప్పు ఇక్కడ పదిసార్లు వింటే ముల్లులా గుచ్చుతుంది. కాబట్టి ఇంట్లో వినేవాడికి సరిపడేలా మలచడం నేరం కాదు, మర్యాద. ఈ కొలతతో 1996 ప్రతి ఎన్నిక చేసి, కూర్చి, రంగులు సరిచూసిన కృతి. 2007 ప్రతి పరిశోధకుడికి పనికొచ్చే పూర్తి దస్త్రం.

నా మట్టుకు, మొదటిసారి వినేవాళ్లకు 1996 ప్రతే ఇస్తాను. కానీ రెండో పక్షం వాదనకు ఒక లోపం ఉంది. ‘వినేవాడి కోసమే మలిచాం’ అనేవాళ్లు మలిచామని ఎప్పుడూ ముందుగా చెప్పరు.

‘ఎల్ ఊల్తిమో కొన్సియెర్తో’ దగ్గర ఈ రెండు పక్షాలూ దాదాపు కలిసిపోతాయి. 1997 సెప్టెంబర్ 20న రివర్ ప్లేట్ స్టేడియంలో జరిగిన వీడ్కోలు కచేరీ పేరు మీద, రెండు విడి భాగాలుగా వచ్చిన ఆల్బమ్ అది. ‘దె మూసికా లిహేరా’ చివర్లో సెరాతి జనానికి కృతజ్ఞత చెప్తూ “గ్రాసియాస్... తోతాలెస్” అని అరిచిన ఆ రెండు మాటలు లాటిన్ అమెరికాలో సామెతలా స్థిరపడ్డాయి. అక్కడ గిటార్ శృతి సరిగ్గా ఉందా లేదా అని ఎవరూ అడగరు. ఆ రాత్రి జరిగింది కాబట్టే దానికి విలువ.

గొంతు టేపులో, వాద్యాలు వేదిక మీద

సెరాతి మరణం తర్వాత ఈ నాలుగు హామీలు ఇంకో మలుపు తిరిగాయి. 2017లో సర్క్ దు సొలే సంస్థ బ్యూనస్ ఎయిర్స్‌లో సోడా స్టీరియో పాటల మీద ఒక సర్కస్ ప్రదర్శన మొదలుపెట్టింది. పాత టేపుల్లోని విడివిడి ట్రాకులను మళ్లీ కలిపి దానికి సంగీతం తయారుచేశారు. అక్కడ ఎవరూ దాన్ని బ్యాండు కచేరీ అనలేదు కాబట్టి పెద్ద పేచీ రాలేదు.

2020 ఫిబ్రవరి 29న బొగోతాలో మొదలైన ‘గ్రాసియాస్ తోతాలెస్’ పర్యటన వేరు. బోసియో, అల్బెర్తి స్వయంగా వాయించారు. కొన్ని పాటలను అతిథి గాయకులు పాడారు. అతిథుల్లో కొందరు వేదిక మీదికి వచ్చారు, కొందరు తెర మీద మాత్రమే కనిపించారు. మరికొన్ని పాటల్లో సెరాతి గొంతే, రికార్డింగ్ నుంచి. జనం ఉన్నారు, డ్రమ్స్ అప్పటికప్పుడు మోగుతున్నాయి, కానీ గొంతు మాత్రం చాలా ఏళ్ల కిందటిది. మొదటి హామీ ప్రకారం ఇది సగమే లైవ్. ఇక్కడ ఓవర్‌డబ్ తలకిందులైంది: పాత వాద్యాల మీద కొత్త గొంతు అతికించే బదులు పాత గొంతు కింద కొత్త వాద్యాలు.

దీన్ని తప్పుపట్టినవాళ్లు, సెరాతి లేకుండా ఆ పేరు వాడకూడదన్నారు. సమర్థించినవాళ్లు, ముగ్గురిలో ఇద్దరు బతికే ఉన్నారని, ఆ పాటలు వాళ్లవి కూడా అని గుర్తుచేశారు. రెండోవాళ్ల మాటలో బలం ఉంది. 1996 సీడీలో ‘ఎన్ లా సియుదాద్ దె లా ఫూరియా’ మళ్లీ వినండి. పాటను అంత మెల్లగా, అంత బరువుగా నడిపించింది సెరాతి గొంతు ఒక్కటే కాదు, దాని కింద బోసియో బాస్, అల్బెర్తి డ్రమ్స్ కూడా.